ముందు తీసిన పిడికెడు

పాఠకుల ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే ఆజ్ఞ గురించి అడిగాయి, బైబిల్లోని పది ఆజ్ఞల్లో మొదటిది. “నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు.” అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి ఆపి, ఈ పేజీలన్నీ వీటికే ఇస్తున్నాను. నాకు 71 ఏళ్లు. రాసినవాళ్లందరూ నా పిల్లల వయసువాళ్లు, మనవల వయసువాళ్లు. చనువుగా “నువ్వు” అంటే ఏమీ అనుకోవద్దు.

టీచరమ్మగారికి వందనాలు. మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. వినాయక చవితి నాడు మా పక్కింటి పిన్నిగారు ఉండ్రాళ్లు, పులిహోర పళ్లెంలో పెట్టుకుని వచ్చారు. నేను పెరట్లో ఉన్నాను. తలుపు తీసిన మావాడు “మాకొద్దు, ఇది దయ్యాలకు పెట్టింది, మీరు నరకానికి పోతారు” అన్నాడట. ఆవిడ ఒక్క మాట అనకుండా పళ్లెం తీసుకుని వెళ్లిపోయారు. వీడు పుట్టినప్పుడు నాకు ఆపరేషన్ అయితే పదిహేను రోజులు వీడికి నీళ్లు పోసింది ఆవిడే. ఇరవై రోజులైంది, మా గడప తొక్కలేదు. సంఘంలో కొందరు మాత్రం వీణ్ణి “చిన్న దానియేలు” అని మెచ్చుకుంటున్నారు. విగ్రహారాధన తప్పని పిల్లలకి చెప్పాలి కదా. ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, తెనాలి

అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను. ఇవాళ సాయంత్రమే బాబు చెయ్యి పట్టుకుని పక్కింటికి వెళ్లు. వాణ్ణి ముందుకు తోసి “సారీ చెప్పు” అనకు. ముందు నువ్వు చెప్పు. “పిన్నీ, వీడికి మేం సరిగ్గా నేర్పలేదు, తప్పు మాది” అని వాడు వింటుండగా అను. తల్లి తల వంచడం వాడు ఒకసారి చూడాలి. ఆ తర్వాత వాడంతట వాడే ఏదో ఒకటి అంటాడు. అనకపోయినా ఫరవాలేదు.

దానియేలు సంగతి. బబులోనుకి చెరపట్టి తెచ్చిన యూదు కుర్రవాడు. రాజుగారి భోజనం వద్దనుకున్నాడు, నిజమే. ఎలా వద్దనుకున్నాడో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఇంకోసారి చదవండి. తన మీద అధికారిని వేడుకున్నాడు. “నువ్వు భోంచేయకపోతే రాజు నా తల తీయిస్తాడు” అని ఆ అధికారి భయపడితే, ఆ భయాన్ని కూడా పట్టించుకున్నాడు. పది రోజులు కూరగాయలు, నీళ్లు పెట్టి చూడండి అని మర్యాదగా ఒక దారి చూపించాడు. ఎదుటివాడి పళ్లెం మీద ఉమ్మలేదు. సంఘంలో మెచ్చుకున్నవాళ్లకి ఈ పేజీ చూపించమ్మా. పిల్లలకి దానియేలు కథ చెప్పేటప్పుడు సింహాల బోను దాకా పరుగెత్తుతాం. వేడుకున్నాడన్న ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగం. నలభై ఏళ్లు సండే స్కూల్లో నేనూ ఆగలేదు.

ఇంకొకటి. పౌలు ఎఫెసులో రెండేళ్లకు పైగా ఉన్నాడు. అర్తెమిదేవి గుడి ఉన్న పట్నం అది. చేతులతో చేసినవి దేవుళ్లు కావని చెప్పాడు. దానివల్ల వెండి గుళ్లు చేసి అమ్మేవాళ్ల బేరం దెబ్బతిని ఊరంతా అల్లరి లేచింది. ఆ అల్లరిలో పట్నపు కరణం లేచి ఏమన్నాడు? వీళ్లు గుడి దోచలేదు, మన దేవతను దూషించలేదు అన్నాడు. క్రైస్తవుడు కానివాడు, ఆ దేవత పట్నంలో అధికారి, ఇచ్చిన సాక్ష్యం అది. అపొస్తలుల కార్యములు పంతొమ్మిదో అధ్యాయం, చివర్లో ఉంటుంది. సత్యం చెబుతూనే రెండేళ్లు ఎదుటివాళ్ల నోట ఆ మాట అనిపించుకునేలా బతకడం సాధ్యమేనని మన పిల్లలకి చెప్పాలి.

నీ కొడుకు ఆ మాటలు ఎక్కడ విన్నాడంటావు? కోప్పడకు. మన ఇళ్లలో “అన్యులు” అనే మాట నీళ్లు తాగినంత సులువుగా వాడతాం. “ఆ అన్యుల పెళ్లికి ఎందుకు వెళ్లావు”, “అన్యుల పిల్లలతో ఆటలేంటి”. పెద్దవాళ్లకి అది బైబిల్లో మాట. ఎనిమిదేళ్లవాడికి అది పక్కింటి మామ్మ. ఆ మాట ఇంట్లో మానెయ్యి. వాళ్లకి పేర్లున్నాయి, వరసలున్నాయి.

ప్రసాదం తినకూడదా అంటే, మా ఇంట్లో తినం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు చెప్పిన లెక్కే నాకు సరిపోయింది. నీ ముందు పెట్టింది ఏమీ అడక్కుండా తిను. ఇది దేవుడికి పెట్టిందని ఎవరైనా చెబితే, చెప్పినవాడి కోసం, మనస్సాక్షి కోసం తినకు. “చెప్పినవాడి కోసం” అన్నాడు చూడు. తినకపోవడం కూడా ఎదుటివాడి మీద ప్రేమతోనే జరగాలి. కాబట్టి వాడికి ఒక వాక్యం నేర్పించు. “పిన్నీ, మేం ఇది తినమండీ, ఏమీ అనుకోకండి. లోపలికి రండి, కూర్చోండి.” రెండు చేతులూ జోడించి చెప్పాలి. మా వీధిలో ఒకావిడ ముప్పై ఏళ్లు ప్రతి పండగకీ నైవేద్యం పెట్టకముందే మా గిన్నె విడిగా తీసి ఉంచేది. “టీచరమ్మా, ఇది ముందే తీశాను” అంటూ తెచ్చేది. మా అరిసెలు క్రిస్మస్‌కి ఆమె ఇంటికి వెళ్లేవి. ఆ గిన్నె మా పిల్లలు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇక అసలు ప్రశ్న. పిల్లవాడికి ఈ ఆజ్ఞ ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? “వేరొక దేవుడు” దగ్గర మొదలుపెడితే వాడి చూపు వేరేవాళ్ల ఇంటి మీదికి పోతుంది. దేవుడు అక్కడ మొదలుపెట్టలేదు. దాస్యంలోనుంచి నిన్ను బయటికి తెచ్చినవాణ్ణి నేనే అన్నాడు ముందు. ఆజ్ఞ తర్వాత వచ్చింది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో కొడుకు తండ్రిని అడుగుతాడు, ఈ ఆజ్ఞలన్నీ ఏమిటని. తండ్రి వాదించడు. మనం ఐగుప్తులో బానిసలుగా ఉండేవాళ్లం అంటూ కథ మొదలుపెడతాడు.

మీ ఇంటి కథ వాడికి చెప్పావా? మా అమ్మ తరఫువాళ్లది ఒంగోలు వైపు. మా అమ్మమ్మ వాళ్లమ్మ పన్నెండేళ్ల పిల్లగా గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందింది. ధాత కరువు రోజులు. మాలపల్లె, మాదిగపల్లెల్లో జనం ఆకులూ దుంపలూ తిని బతికారు. బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కంట్రాక్టు తీసుకుని వాళ్లకి కూలి ఇప్పించాడు. పని దొరికిన ఆ రోజుల్లోనే వేల మంది బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారేమోనన్న అనుమానం ఆయనది. కరువు పని అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు అన్నాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది ఆ ఏటిలో మునిగి లేచారు. “అన్నం లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్లమే మనం” అనేది మా అమ్మమ్మ. పదేళ్లప్పుడు ఆ మాట విన్న నాకు, మొదటి ఆజ్ఞ అంటే మొట్టమొదట గుర్తొచ్చేది రాతిబొమ్మ కాదు, ఆ ఏరు. మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఒకటి ఉంటుంది తల్లీ. మీ అత్తగారినో మీ నాన్ననో అడుగు. ఆ కథ తెలిసినవాడు పక్కింటివాళ్ల పళ్లెం తోసెయ్యడు.

అమ్మా, మా పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. కాలేజీలో ఆదివారం పొద్దున్నే పరీక్షలు పెడతారు. ఏడాదిన్నరగా పాప చర్చికి రావడం లేదు. ర్యాంకు వచ్చాక వస్తుందిలే అనుకున్నాం. మా తమ్ముడు మొన్న “మీ ఇంట్లో ర్యాంకే విగ్రహం” అన్నాడు. మాటా మాటా పెరిగింది. మా నాన్న రిక్షా తొక్కి నన్ను చదివించాడు. చదువే మమ్మల్ని ఈ స్థితికి తెచ్చింది. చదువు విగ్రహమా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

నాయనా, చదువు విగ్రహం కాదు. మీ నాన్న రిక్షా తొక్కి చదివించింది దేవుడి పనే అని నేను నమ్ముతాను. ముప్పై నాలుగేళ్లు పలక మీద అక్షరాలు దిద్దించి బతికినదాన్ని. కానీ మీ తమ్ముడు అన్న మాట కూడా తోసెయ్యలేను. ఎందుకో చెబుతాను, ఇది నేను ఎవరికీ రాసి చెప్పలేదు.

1997లో మా అబ్బాయిని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. అక్కడా ఆదివారమే పరీక్ష. నెలకి ఒక్కసారి, రెండు గంటలు చూడనిచ్చేవారు. ఆ రెండేళ్లూ నేను మా గుడిలో నలభై మంది పిల్లల్ని నిలబెట్టి “నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు” అని కంఠత పట్టించాను. అదే గంటకి నా కొడుకు ఓఎంఆర్ షీట్ మీద గుండ్రాలు నింపుతున్నాడు. చూడ్డానికి వెళ్లినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న “ఈ వారం ఎన్ని వచ్చాయి?” రెండోది “తింటున్నావా?” ప్రార్థన చేసుకుంటున్నావా అని గేటు దగ్గర, వచ్చేసేటప్పుడు అడిగేదాన్ని. వాడికి ర్యాంకు వచ్చింది. ఇంజినీరింగ్ చదివాడు, అమెరికా వెళ్లాడు. మంచివాడు, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. చర్చికి వెళ్లడు. నాలుగేళ్ల కిందట ఒకసారి నేను గట్టిగా అడిగితే వాడు గొంతు పెంచకుండా అన్నాడు: “అమ్మా, దేవుడు ముఖ్యమని నువ్వే నేర్పావు. ఆయన ఆగుతాడని కూడా నువ్వే నేర్పావు.”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ కూలికి వెళ్లేది. పొయ్యి దగ్గర రెండు కుండలు ఉండేవి. పెద్దది ఇంటి బియ్యం, చిన్నది దేవుడి కుండ. వంటకి కూర్చునేటప్పుడు పెద్దకుండలో చెయ్యి పెట్టి ముందు ఒక పిడికెడు తీసి చిన్నకుండలో వేసేది. ఆ తర్వాతే సోలతో ఇంటికి కొలిచేది. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో పోసి గుడికి తీసుకెళ్లేది. మన సంఘాల్లో పాతకాలపు ఆడవాళ్లందరూ అలాగే చేసేవారు. పాస్టరుగారి జీతంలో కొంత ఆ పిడికెళ్లలోనుంచే వచ్చేది. ఎండాకాలం పనులు ఉండవు. ఒకరోజు కుండలో రెండు సోలలు కూడా లేవు, తినే నోళ్లు ఆరు. నాకు తొమ్మిదేళ్లు, ఆకలిగా ఉంది. “అమ్మా, ఇవాళ ఒక్కరోజు మానెయ్యి. మిగిలితే రేపు వేద్దువుగాని” అన్నాను. అమ్మ నన్ను తిట్టలేదు. పిడికెడు తీస్తూనే “మిగిలితే వేసేది ముష్టికి. ఇది ముందు తీసేది” అంది.

మొదటి ఆజ్ఞ గురించి నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ పిడికెడు ఒక ఎత్తు. అమ్మకి చదువు రాదు. నాకు వచ్చు. నా కొడుకు విషయంలో నేను ముందు ర్యాంకుకి కొలిచి, మిగిలితే దేవుడికి వేద్దామనుకున్నాను.

జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథరు 1529లో పిల్లల కోసం ఒక చిన్న ప్రశ్నోత్తరి, పెద్దలకి బోధించడానికి ఒక పెద్దదీ రాశాడు. మా లూథరన్ ఇళ్లలో చిన్నది కంఠత. మొదటి ఆజ్ఞకి అర్థం ఏమిటి? అన్నిటికంటె ఎక్కువగా దేవునికి భయపడాలి, ఆయన్ని ప్రేమించాలి, ఆయన్ని నమ్ముకోవాలి. ప్రార్థన గదిలో ఏ బొమ్మ ఉందని అడగలేదాయన. పెద్ద ప్రశ్నోత్తరిలో ఇంకా సూటిగా చెబుతాడు. నీ హృదయం దేన్ని పట్టుకుని వేలాడుతుందో అదే నీ దేవుడు అంటాడు. డబ్బుని మొదట చెప్పి, ఆ వెంటనే చదువునీ తెలివినీ పలుకుబడినీ కూడా చెబుతాడు. పౌలైతే కొలస్సయులకు “విగ్రహారాధనయైన ధనాపేక్ష” అని రాసేశాడు. కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లకి అది ఇంకా వివరించక్కర్లేదు.

ఇప్పుడేం చేయాలి? పరీక్షల ముందు పాపని కాలేజీ మాన్పించకు. మనం పెట్టిన బరువుకి పిల్లని శిక్షించినట్టవుతుంది. వెళ్లి ప్రిన్సిపాల్‌ని కలువు. నెలకి రెండు ఆదివారాలు పరీక్ష మధ్యాహ్నం రాయనిమ్మని అడుగు. నేను మా అబ్బాయికి అడగనేలేదు. అడిగితే పేరు చెడుతుందని భయపడ్డాను. వాళ్లు కాదంటే, మీ చుట్టుపక్కల శనివారం సాయంత్రం ఆరాధన జరిగే సంఘాలు ఉంటాయి, అక్కడికి ఇంటిల్లిపాదీ వెళ్లండి. పాప ఒక్కతే కాదు.

అంతకంటె ముఖ్యం ఇంట్లో రాత్రి పదిహేను నిమిషాలు. ఏ వేళకో మీరే పెట్టుకోండి, పెట్టుకున్నాక దాన్ని కదపకండి. రేపు పరీక్ష ఉన్నా, అందులో పాప వెనకబడినా కదపకండి. చదువు ఆ పదిహేను నిమిషాల చుట్టూ సర్దుకోవాలి. “ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి” అన్న మాటలో “మొదట” అంటే ఏమిటో ఆ సర్దుకోవడంలోనే పాపకి తెలుస్తుంది.

ఆ ప్రార్థనలో “ప్రభువా, ర్యాంకు ఇవ్వు” అని రోజూ అడగకు నాయనా. ఒకరోజు అడుగు, చాలు. రోజూ అదే అడిగితే ర్యాంకు తెచ్చిపెట్టే పనివాడిగా దేవుణ్ణి పెట్టుకున్నాం అని పిల్లకి అనిపిస్తుంది. ర్యాంకు రాకపోతే ఆయన్ని పనిలోనుంచి తీసేస్తుంది. పాప పేరు పెట్టి, పాపని ఇచ్చినందుకు స్తోత్రం చెప్పు. ర్యాంకు రాకపోయినా ఈ ఇంట్లో నీ కుర్చీ నీదేనని ఒకసారి నీ నోటితో పాపకి చెప్పు. నీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. అతను మంచిగా అనలేదు, కానీ అబద్ధం అనలేదు.

మా ఇద్దరు పిల్లలు చదివే స్కూల్లో వసంత పంచమికి సరస్వతీ పూజ చేస్తారు. అందరూ వరసలో వెళ్లి పువ్వు వేసి దండం పెట్టాలి. మా పిల్లలు వేయకపోతే టీచర్లు ఏమంటారోనని భయం. వేస్తే దేవుడు ఏమంటాడోనని భయం. ఆ రోజు మాన్పించేస్తున్నాం. అది చాలా?
– ఒక తల్లి, కరీంనగర్

మాన్పించడం తప్పు కాదమ్మా, కానీ పిల్లలకి దాక్కోవడం ఒక్కటే నేర్పినట్టవుతుంది. వారం ముందే వెళ్లి క్లాస్ టీచర్‌ని కలువు. “మా పిల్లలు పూజలో పువ్వు వేయరు, మిగతా అన్నిటికీ ఉంటారు, కుర్చీలు సర్దమన్నా సర్దుతారు” అని చెప్పు. నూటికి తొంభైమంది టీచర్లు “సరేనమ్మా” అంటారు. నేనూ టీచర్నే, నాకు తెలుసు. మన రాజ్యాంగం 28వ అధికరణంలో కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, ఆరాధనలో పాల్గొనాలని నిర్బంధించకూడదు. అది తెలిసి ఉండు. కానీ మొదటి మాటగా దాన్ని టీచర్ బల్ల మీద పెట్టకు.

1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడినుంచి పంపేశారు. యెహోవా సాక్షుల కుటుంబం. రోజూ ఉదయం జనగణమన పాడేటప్పుడు లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. వాళ్ల విశ్వాసం పాడనివ్వదు. మరుసటి ఏడు ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. రాసినవారు మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. నేను జనగణమన నిండు గొంతుతో పాడతాను, అది ఆరాధన అని నేను అనుకోను. అయినా ఆ పిల్లల సంగతి మా సండే స్కూల్లో చెబుతాను. ఎందుకంటే వాళ్లు వెకిలిగా కూర్చోలేదు, గోల చేయలేదు, ఎవరినీ ఆపలేదు. గౌరవంగా లేచి నిలబడ్డారని కోర్టే రాసింది. మీ పిల్లలు వరసలో నిలబడొచ్చు. పువ్వు వేయాల్సిన చోట వేయకుండా పక్కకి జరగొచ్చు. తోటిపిల్లల భక్తిని చూసి నవ్వకూడదు.

మా క్రైస్తవ బడిలో ముప్పై నాలుగేళ్లు హిందూ పిల్లలు, ముస్లిం పిల్లలు ఉదయం ప్రార్థనకి చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొందరు కళ్లు మూసుకునేవారు కాదు. నేను ఎవరినీ గద్దించలేదు. మన పిల్లలకి మనం కోరేది అదే కదా.

మేం సీఎస్‌ఐ, ప్రొటెస్టంట్లం. మా అత్తగారు ఆర్‌సీఎం, కతోలిక సంఘం. ఆవిడ గదిలో మరియమ్మ స్వరూపం, దాని ముందు కొవ్వొత్తి. ప్రతి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి నడిచి వెళతారు. ఏడేళ్ల మా పాప సండే స్కూల్ నుంచి వచ్చి “నానమ్మ విగ్రహారాధికురాలా?” అని ఆవిడ ముందే అడిగింది. ఏం చెప్పను?
– ఒక కోడలు, విజయవాడ

“నానమ్మనే అడుగు” అని చెప్పు. నిజంగానే. పాపని ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టి, “అత్తయ్యా, మీరే చెప్పండి” అను. ఆవిడ ఏం చెబుతారో నేను ఊహించగలను: నేను మొక్కేది బొమ్మకి కాదు, ఆరాధన దేవుడికే, మరియమ్మని నా కోసం ప్రార్థించమని అడుగుతాను. కతోలిక సంఘం నేర్పేది అదే. నేను లూథరన్‌ని. మా ఇంట్లో స్వరూపాలు లేవు, పెట్టుకోను. ప్రభువుతో నేరుగా మాట్లాడుకుంటాను. మీ పాపకి నీ నమ్మకం అలాగే చెప్పుకో. కానీ ఏడేళ్ల పిల్ల నానమ్మ మీద తీర్పరిగా కూర్చోకూడదు.

లూథరు 1522లో దాగి ఉన్న కోటలోనుంచి విట్టెన్‌బర్గుకి తిరిగి వచ్చాడు. ఎందుకో తెలుసా? ఆయన పక్షంవాళ్లే గుళ్లలో బొమ్మలు పగలగొట్టే పనిలో పడ్డారు. ఆయన ఎనిమిది రోజులు వరసగా ప్రసంగించి వాళ్లని ఆపాడు. ముందు వాక్యం మనసులో పని చేయాలి, చేతులతో లాగేస్తే బొమ్మ మనసులో అలాగే ఉంటుందన్నది ఆయన వాదన.

సండే స్కూల్ టీచర్లకి కూడా ఒక మాట, నాతో కలిపి. మన ఇళ్ల అలమరల్లో ఏముందో చూద్దాం. పసిపిల్లల దిండు కింద బైబిలు పెడతాం, పీడకలలు రాకుండా. తెరిచి చదవం. జనవరి ఒకటో తారీకు తెల్లవారుజామున, ఆ ఏటికి మనకంటూ ఒక బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దాన కార్డు తీస్తాం. మంచిది వస్తే గోడకి అంటిస్తాం. గద్దింపు వాక్యం వస్తే “ఇంకొకటి తీయనా అయ్యగారూ” అంటాం. నేను చూశాను, నేనూ ఒక ఏడు అలా అడిగాను. ప్రార్థించిన నూనె సీసా దేవుడి కంటె దగ్గరగా మంచం పక్కన ఉంటుంది.

మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చేయమంటేనే చేసింది. పాములు కరిచినవాళ్లు దాన్ని చూసి బతికారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. జనం దానికి ధూపం వేస్తున్నారు. దేవుడిచ్చిన మంచి వస్తువు కూడా అలా అయిపోతుందని పాపకి చెబితే, తన సంగతీ మన సంగతీ కూడా ఆలోచిస్తుంది. గుణదలకి అత్తయ్య నడిచి వెళ్లేటప్పుడు ఆవిడకి మంచినీళ్ల సీసా పాప చేత ఇప్పించు.

టీచరమ్మా, నేను నాలుగో తరగతి. సండే స్కూల్లో “చిన్న పిల్లలారా, విగ్రహముల జోలికి పోకుండ జాగ్రత్తగా ఉండుడి” అని నేర్చుకున్నాను. మా నాన్న రాత్రి ఇంటికొచ్చి ఫోనే చూస్తాడు. ప్రార్థనప్పుడు కూడా ఒళ్లో పెట్టుకుంటాడు. ఫోను విగ్రహమా?
– ఒక అబ్బాయి, ఒంగోలు

బంగారు తండ్రీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఫోను ఫోనే. నాన్నకి అందులో ఆఫీసు పని ఉండొచ్చు, అప్పు కట్టాల్సిన మెసేజీ ఉండొచ్చు. నాన్నని “విగ్రహారాధికుడు” అనకు. పెద్దవాళ్లకి ఆ మాట చాలా నొప్పి. నువ్వు కూడా అమ్మ ఫోనులో గేమ్ ఆడేటప్పుడు పిలిస్తే పలుకుతున్నావో లేదో నాకు నిజం రాయి.

ఒక పని చేస్తావా? మీ ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడుందో అమ్మని అడుగు. రాత్రి ప్రార్థనకి ముందు నాన్న దగ్గరికి వెళ్లి, “నాన్నా, ప్రార్థన అయ్యేదాకా మన ఫోన్లన్నీ బియ్యం డబ్బా మీద పెడదామా? ముందు నేను అమ్మది పెడతాను” అని అడుగు. అడిగేటప్పుడు నాన్న మెడ చుట్టూ చేతులు వెయ్యి. ఆయన ఏమన్నాడో నాకు మళ్లీ ఉత్తరం రాయి. నీ చేత్తోనే రాయి, తప్పులున్నా ఫరవాలేదు.